నగరాల్లో హింస తగ్గాలంటే ఏది మేలు: బాల్టిమోర్ దారా, వాషింగ్టన్‌లో దించిన బలగాలా?

వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు కారులో గంట ప్రయాణం. ఉత్తర వర్జీనియాలోనూ మేరీలాండ్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు నగరాలూ ఉద్యోగాల ఊళ్లు, ఆసుపత్రుల ఊళ్లు, పిల్లల చదువుల ఊళ్లు. 2025లో ఈ రెండు చోట్లా హత్యలు తగ్గాయి. అయితే తగ్గించే ప్రయత్నం మాత్రం ఒక్కలా జరగలేదు. బాల్టిమోర్‌లో ఆ పని మేయర్ కార్యాలయం చేతుల్లోనే ఉండి, 2022 నుంచి ఒకే పద్ధతిలో సాగుతూ వచ్చింది. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ట్రంప్ అత్యవసర పరిస్థితి ప్రకటించి, నగర పోలీసు శాఖను తన అధీనంలోకి తీసుకుని, నేషనల్ గార్డ్ అనే రిజర్వు దళ సైనికులను వీధుల్లోకి దించారు. ఈ రెంటిలో ఏది మేలని అడిగితే అమెరికాలో చాలామంది తమ పార్టీని బట్టే జవాబు చెబుతున్నారు. నేను చూడదలచుకున్నది రెండే విషయాలు: ఏ దారిలో ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి, ఆ ఫలితం ఎంతకాలం నిలుస్తుంది.

ఇక్కడ మన పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర మేయర్ అనగానే రోడ్లు, మురుగు కాలువలు, చెత్త తరలింపు గుర్తుకొస్తాయి. పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి కాబట్టి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ మేయర్‌కు జవాబు చెప్పుకోవలసిన అవసరం లేదు. అమెరికాలో చాలా పెద్ద నగరాల్లో పోలీసు అధిపతిని నియమించేదీ తొలగించేదీ మేయరే. అందువల్ల హత్యలు పెరిగితే ఓటరు నిలదీసేది కూడా మేయర్‌నే.

బాల్టిమోర్ జనాభా ఆరు లక్షల లోపు. 2015 ఏప్రిల్‌లో ఫ్రెడీ గ్రే అనే యువకుడు పోలీసుల అదుపులో గాయపడి మరణించిన తరువాత ఆ నగరం అట్టుడికిపోయింది. ఆ ఏడాది మొదలుకొని 2022 వరకు, వరుసగా ఎనిమిదేళ్లు, ఏటా మూడు వందలకు పైగా హత్యలు జరిగాయి. ఆ కాలంలోనే నాయకత్వం కూడా చెదిరిపోయింది. 2015కూ 2020కూ మధ్య ముగ్గురు మేయర్లు మారారు, వారిలో ఒకరు అవినీతి వ్యవహారంలో పదవి వదులుకుని తరువాత జైలుకు వెళ్లారు. పోలీస్ కమిషనర్లు అంతకంటే వేగంగా మారారు. అక్రమ తుపాకులను పట్టుకోవడానికి ఏర్పాటు చేసిన ప్రత్యేక దళంలోని పోలీసులే పౌరులను దోచుకున్నారని 2017లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు అభియోగాలు మోపారు. ఆ స్థితిలో కాల్పులు చూసిన సాక్షి పోలీసుల దగ్గరకు వెళ్లి నోరు విప్పుతాడని ఎవరు మాత్రం ఆశించగలరు?

2020 డిసెంబర్‌లో మేయర్‌గా బాధ్యతలు చేపట్టిన బ్రాండన్ స్కాట్ కొత్త పద్ధతినేమీ కనిపెట్టలేదు. 1990ల మధ్యలో బోస్టన్‌లో ఫలించి, బాల్టిమోర్‌లోనే అంతకుముందు మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పద్ధతినే ఆయన మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. దాని వెనక ఉన్న గ్రహింపు చాలా సరళమైనది. ఎంత హింసాత్మకమైన నగరంలోనైనా కాల్పులు జరిపేవారు, కాల్పులకు గురయ్యేవారు జనాభాలో అతి చిన్న భాగం. వారిలో చాలామంది ఒకరికొకరు తెలిసినవారే. జరిగిన ప్రతి కాల్పుల ఘటననూ పోలీసులు, ప్రాసిక్యూటర్లు, మేయర్ కార్యాలయ సిబ్బంది కలిసి కూర్చుని పరిశీలిస్తే తరువాత ఎవరు ఎవరి మీద పగ తీర్చుకోబోతున్నారో పేర్లతో సహా తెలుస్తుంది. 2022 జనవరిలో నగరంలోని వెస్టర్న్ డిస్ట్రిక్ట్‌లో ఈ పని మొదలైంది.

పేర్లు తెలిసిన తరువాత జరిగేది ఏమిటో దగ్గరగా చూడాలి, ఎందుకంటే రెండు దారుల మధ్య అసలు తేడా అక్కడే ఉంది. ఒక ఇంటి తలుపు తడతారు. తలుపు తీసిన కుర్రవాడి ఎదుట ఒక పోలీసు అధికారితో పాటు ఆ పేటలో అందరికీ తెలిసిన పెద్దమనిషో, సేవా సంస్థ కార్యకర్తో నిలబడి ఉంటారు. అతని చేతిలో మేయర్ సంతకంతో, అతని పేరునే రాసిన ఉత్తరం పెడతారు. నువ్వు బతికి ఉండాలి, జైలు బయటే ఉండాలి, అందుకు సహాయం చేస్తాం, తుపాకి వదలకపోతే మాత్రం చట్టం నీ మీదే దృష్టి పెడుతుంది అన్నది ఆ ఉత్తరం సారాంశం. ఒప్పుకున్నవారికి ఉద్యోగ శిక్షణ, మానసిక చికిత్స, అవసరమైతే ఆ పేట వదిలి వేరేచోట నివాసం కల్పించే ఏర్పాట్లను రోకా వంటి సంస్థలు చూస్తాయి. ఒప్పుకోకుండా మళ్లీ కాల్పులకు దిగినవారి మీద కేసులు పెడతారు. 2023 జనవరిలో పదవిలోకి వచ్చిన ప్రాసిక్యూటర్ ఐవన్ బేట్స్, అక్రమంగా తుపాకి పట్టుకు తిరిగే పాత నేరస్థులకు జైలు శిక్ష పడేలా గట్టిగా వాదించడం కూడా ఇందులో భాగమే. మెతకతనం ఒక్కటే ఫలించిందనో, కఠినత్వం ఒక్కటే ఫలించిందనో చెప్పేవారు ఈ కథలో ఒక సగాన్ని దాచిపెడుతున్నారు.

2007 నుంచే ఉన్న సేఫ్ స్ట్రీట్స్ కార్యకర్తలది వేరే పని. వారు పోలీసులతో కలవరు. రేగుతున్న గొడవ తుపాకుల దాకా పోకముందే మధ్యలోకి వెళ్లి మాట్లాడి చల్లబరుస్తారు. 2021 జనవరికీ 2022 జనవరికీ మధ్య వారిలో ముగ్గురు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. ఇంకొకరి కొడుకును కాపాడటానికి వెళ్లే ఉద్యోగానికి ఇంత మూల్యం ఉందని ఆ నగరం బయట చాలామందికి తెలియదు.

ఫలితాల విషయానికి వస్తే, 2022లో 330 దాటిన హత్యలు 2024లో 201కి, 2025లో 133కి దిగాయి. దాదాపు అర్ధ శతాబ్దంలో ఇంత తక్కువ సంఖ్య ఆ నగరం చూడలేదు. వెస్టర్న్ డిస్ట్రిక్ట్‌లో తొలి పద్దెనిమిది నెలల ఫలితాలను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టి, కాల్పులు సుమారు నాలుగో వంతు తగ్గాయని, పక్క పేటలకు తరలిపోయిన ఆనవాళ్లు లేవని తేల్చారు. ఆ పరిశోధక బృందమే నగరానికి సలహాదారుగా కూడా పనిచేసిందన్నది మరచిపోకూడదు. 2023 నుంచి అమెరికా అంతటా హత్యలు తగ్గుతున్నాయి కాబట్టి ఈ తగ్గుదల మొత్తాన్నీ మేయర్ ఖాతాలో వేయడమూ న్యాయం కాదు. అయినా దేశం దిగినదానికంటే బాల్టిమోర్ బాగా ఎక్కువగా దిగింది.

ఇక వాషింగ్టన్. 2023లో 274 హత్యలు జరిగిన ఆ నగరంలో 2024లో 187 జరిగాయి. అంటే 2025 ఆగస్టు 11న అత్యవసర పరిస్థితి ప్రకటించేనాటికే హింస దిగువ ముఖం పట్టింది. వాషింగ్టన్ రాష్ట్రం కాదు కాబట్టి 1973 నాటి స్వపరిపాలన చట్టంలోని 740వ సెక్షన్ ప్రకారం అధ్యక్షుడు ముప్పై రోజుల పాటు నగర పోలీసు సేవలను కోరవచ్చు. ఆ సెక్షన్‌ను అమలు చేసిన అధ్యక్షుడు అంతకుముందు లేరు. కొద్ది రోజులకే పోలీసు శాఖకు ఫెడరల్ అధికారిని అత్యవసర కమిషనర్‌గా నియమించబోతే నగర అటార్నీ జనరల్ కోర్టుకెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారితో కలిపి సైనికుల సంఖ్య రెండు వేలు దాటింది.

ఈ జోక్యం వల్ల ఏ మేలూ జరగలేదని అనడం సత్యం కాదు. మొదటి ఇరవై రోజుల్లో, అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే, మనుషులను బెదిరించి కార్లు ఎత్తుకుపోయే ఘటనలు 87 శాతం తగ్గాయని మేయర్ మ్యూరియెల్ బౌజరే చెప్పారు. అదనంగా వచ్చిన ఫెడరల్ అధికారుల వల్ల ఆ మేలు కలిగిందని ఒప్పుకుంటూనే, ముసుగులు వేసుకున్న వలస విభాగం ఏజెంట్లు, బయటి రాష్ట్రాల సైనికులు మాత్రం పనికి రావడం లేదని ఆమె స్పష్టంగా వేరుచేసి చెప్పారు. నా దృష్టిలో ఈ వివాదం మొత్తంలో అతి విలువైన సాక్ష్యం ఇదే. శిక్షణ పొందిన పరిశోధక అధికారులు పోలీసు కార్లలో నగర పోలీసుల పక్కన కూర్చుంటే నేరం తగ్గుతుంది. సైనికుడు మెట్రో స్టేషన్ ముందు నిలబడితే ఆ స్టేషన్ దగ్గర ధైర్యంగా ఉంటుంది, అంతే. చెత్త ఏరుతూ, టైడల్ బేసిన్ ఒడ్డున చెర్రీ చెట్ల మొదళ్ల దగ్గర ఎండు బెరడు పరుస్తూ కనిపించిన ఆ యువ సైనికులను నేను తప్పుపట్టడం లేదు. వారికి అప్పగించడానికి అంతకంటే తగిన పని లేకపోవడమే, వారిని రప్పించిన నిర్ణయం ఎంత తొందరపాటుదో చెబుతుంది. నవంబర్ 26న అధ్యక్ష భవనానికి సమీపంలోనే ఇద్దరు సైనికుల మీద కాల్పులు జరిగి ఒకరు మరణించారు.

పైగా నేర నియంత్రణ పేరుతో వచ్చిన బలగాలు వలస పత్రాలు అడగడం మొదలుపెడితే కాల్పులు చూసిన వలస కుటుంబం తలుపు మూసుకుంటుంది. హత్య కేసు తేలేది సాక్షి నోటి మాట మీద. తలుపు తెరిపించడం మీద ఆధారపడిన బాల్టిమోర్ పద్ధతికి ఇంతకు మించిన అడ్డంకి లేదు.

రాష్ట్రాల్లోని నగరాల విషయంలో చట్టం మరింత గట్టిగా అడ్డు నిలిచింది. దేశంలో సైన్యం పోలీసు పని చేయరాదని 1878 నాటి పోసీ కొమిటాటస్ చట్టం నిషేధిస్తోంది. లాస్ ఏంజిలెస్‌లో సైనికులను వాడిన తీరు ఆ చట్టాన్ని ఉల్లంఘించిందని 2025 సెప్టెంబర్‌లో జడ్జి చార్లెస్ బ్రేయర్ తీర్పు చెప్పారు. షికాగోలో నేషనల్ గార్డ్‌ను దించడాన్ని కింది కోర్టు ఆపగా, డిసెంబర్ 23న సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వానికి ఊరట నిరాకరించింది. గవర్నర్ కాదన్నా అధ్యక్షుడు సైనికులను పంపిన సందర్భాలు గతంలో లేకపోలేదు. 1957లో లిటిల్ రాక్‌లో నల్లజాతి విద్యార్థులను బడిలోకి పంపడానికి, 1965లో అలబామాలో ఓటు హక్కు పాదయాత్రికులను కాపాడటానికి అలా చేశారు. అయితే అక్కడ కోర్టు ఆదేశాలను ధిక్కరిస్తున్నది రాష్ట్ర ప్రభుత్వాలే. మామూలు నేరాలను ఆ కోవలో చేర్చలేం.

మెంఫిస్‌ది నడిమి దారి. టెన్నెసీ గవర్నర్ బిల్ లీ సమ్మతించగా, తాను అడగలేదని చెప్పిన మేయర్ పాల్ యంగ్ అక్కడికి వచ్చిన ఫెడరల్ బలగాలను నగర అవసరాలకు వాడుకునే ప్రయత్నం చేశారు. నేషనల్ గార్డ్ విషయం అక్కడా కోర్టుకెక్కింది.

బాల్టిమోర్ ఫెడరల్ సహాయం లేకుండా నిలబడిందని కూడా ఎవరూ అనుకోకూడదు. దోపిడీకి దిగిన పోలీసులను బోనెక్కించింది ఫెడరల్ ప్రాసిక్యూటర్లే. 2017లో పోలీసు శాఖను సంస్కరణల ఒప్పందానికి కట్టుబడేలా చేసింది ఫెడరల్ న్యాయశాఖ, ఫెడరల్ కోర్టు. కాబట్టి నా తూకంలో నగరం నడిపే పద్ధతే నిస్సందేహంగా మేలు. కేంద్రం చేయి అందులో తుపాకుల మూలాలు వెతకడంలో, పెద్ద ముఠాల కేసుల్లో, డబ్బులో ఉండాలి. సైనికుల సంఖ్య పెరిగినంత మాత్రాన తలుపు తట్టవలసిన ఇల్లు ఏదో తెలియదు.

డబ్బు మాటకు వస్తే, మహమ్మారి తరువాత వచ్చిన ఫెడరల్ ఉద్దీపన నిధుల్లో బాల్టిమోర్‌కు దక్కిన 64 కోట్ల డాలర్లలో 5 కోట్లను స్కాట్ హింసా నివారణ కార్యాలయానికి కేటాయించారు. 2025 ఏప్రిల్‌లో న్యాయశాఖ దేశవ్యాప్తంగా సుమారు 81 కోట్ల డాలర్ల గ్రాంట్లను రద్దు చేసినప్పుడు, ఇలాంటి పని చేసే సంస్థలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. అదే ఏడాది ఆగస్టులో సైనికులు వాషింగ్టన్‌కు బయలుదేరారు. ఉద్దీపన నిధులను నగరాలు ఖర్చు చేయడానికి గడువు 2026 డిసెంబర్ 31. ఆ తరువాత వెస్టర్న్ డిస్ట్రిక్ట్‌లో మేయర్ ఉత్తరం పట్టుకుని తలుపు తట్టే కార్యకర్తకు జీతం ఎక్కడి నుంచి వస్తుందన్నది నగర బడ్జెట్టు తేల్చాలి.