రిషికేశ్ రాఫ్టింగ్‌కి ముందు మీలో ఎక్కువ భయస్తులెవరో చూస్కోండి

మేం తొమ్మిది మందిమి వెళ్ళాం. అందులో ఈత బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు, వచ్చనుకునేవాళ్ళు నలుగురు, నీళ్ళు మోకాళ్ళు దాటితే దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు ముగ్గురు. బుకింగ్ చేసింది మాత్రం ఆ మొదటి ఇద్దరిలో ఒకడైన మా తమ్ముడు. తప్పు అక్కడే జరిగింది.

వాడు నది ఎగువనున్న మెరైన్ డ్రైవ్ అనే చోటు నుంచి (ముంబైది కాదు) బుక్ చేశాడు, అంటే దాదాపు 25 కిలోమీటర్లు. "ఇంత దూరం వచ్చి చిన్నది చేసి పోతామా అక్కా" అన్నాడు, మేమూ సరే అన్నాం, ఎందుకంటే ఆ పేర్లకి తేడా ఏంటో మాలో ఎవరికీ తెలీదు. మీకు తెలియాలి కాబట్టి చెప్తున్నా. అక్కడ అన్ని ట్రిప్పులూ దిగువకి రిషికేశ్ వైపే వస్తాయి, ఎక్కడ ఎక్కుతామన్నదే తేడా. బ్రహ్మపురి నుంచి ఎక్కితే 10 కిలోమీటర్ల లెక్క, శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి 25 చిల్లర, కౌడియాల నుంచి 35 పైనే. పైకి వెళ్ళేకొద్దీ దూరంతో పాటు నీళ్ళ కోపం కూడా పెరుగుతుంది. కౌడియాలకి, మెరైన్ డ్రైవ్‌కి మధ్య 'ద వాల్' అని ఒక రాపిడ్ ఉంది (రాపిడ్ అంటే నది రాళ్ళ మీద ఉధృతంగా ఎగిసిపడే చోటు), బోటుని బోర్లా వేయడంలో పేరుమోసింది, నీళ్ళు ఎక్కువున్నప్పుడు గైడ్లే జనాన్ని దింపి ఒడ్డున నడిపించేస్తారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి దాని జోలి అనవసరం.

మేం వెళ్ళింది మార్చి మొదట్లో. ఎండ బాగానే ఉంది, నీళ్ళు మాత్రం మంచు కరిగి వచ్చిన నీళ్ళు, చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఇదే మేం లెక్కలో వేసుకోనిది. రాపిడ్లకి గ్రేడ్ 1 నుంచి 6 దాకా ఉంటుంది కదా, 1 అంటే ఊరికే తేలుకుంటూ పోవడం, 3 అంటే బోటు ఎగిరి అందరూ తడిసి ముద్దవడం, 4 అంటే గైడ్ చెప్పింది చెప్పినట్టు చెయ్యకపోతే నీళ్ళలో పడటం, 5 బాగా ఆరితేరినవాళ్ళకి, 6 జోలికి దాదాపు ఎవరూ పోరు. కానీ ఆ అంకె చలి గురించి చెప్పదు. తడిసిన బట్టలతో, గాలికి, మూడు గంటలు కూర్చోవడం గురించి అసలే చెప్పదు. పైగా ఆ అంకె కూడా రాతిమీద గీత కాదు, అదే రాపిడ్ నీళ్ళు పెరిగితే ఒకలా, తగ్గితే ఇంకోలా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వానల వల్ల అక్కడ మొత్తం ఆపేస్తారు, సెప్టెంబర్ చివర్లో మళ్ళీ మొదలైనప్పుడు నది ఇంకా నిండుగానే ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ మొదటి రోజుల్లో కాకుండా కొంచెం ఆగి వెళ్ళడమే మంచిదని నా ఉద్దేశం.

సరే మా కథ. 'త్రీ బ్లైండ్ మైస్' అనే రాపిడ్‌లో ఒకదాని వెనక ఒకటి మూడు అలలు వస్తాయి. మొదటి అలకే మా బావ తెడ్డు చివరున్న ఇంగ్లీషు 'T' ఆకారం పిడి వదిలేసి బోటు తాడు పట్టుకున్నాడు, ఆ వదిలేసిన పిడి ఊగి వచ్చి పక్కనే ఉన్న మా వదిన పెదవికి తగిలింది. రక్తం. పెద్దదేం కాదు కానీ చల్లటి నీళ్ళలో, భయంలో అది చాలు. గైడ్ బ్రీఫింగ్‌లో చెప్పాడు, ఒక చెయ్యి ఎప్పుడూ ఆ పిడి మీదే ఉండాలి, లేకపోతే పక్కవాడి పళ్ళు రాలతాయి అని, మేం సెల్ఫీల్లో ఉన్నాం. ఆ తర్వాత శివపురి దాటాక 'రోలర్ కోస్టర్'లో మా తమ్ముడి ఫ్రెండ్ పడిపోయాడు. వాడికి ఈత వచ్చు, అయినా పైకి తేలేసరికి లైఫ్ జాకెట్ చెవుల దాకా వచ్చేసి మొహం కప్పేసింది, బెల్టులు వదులుగా ఉన్నాయి, ఎక్కేముందు ఎవరూ లాగి చూడలేదు. గైడ్ కాలరు పట్టి లోపలికి లాగాడు, అంతా కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు, కానీ మిగతా దారంతా బోటులో ఒక్కళ్ళూ మాట్లాడలేదు.

ఆ కంపెనీ పేరు చెప్పను. గైడ్ చూపు మనుషుల మీద కన్నా హెల్మెట్ మీది కెమెరా మీదే ఎక్కువ, ఎందుకంటే ఆ వీడియో తర్వాత మనకే అమ్ముతారు. వెనక సేఫ్టీ కయాక్, అంటే పడినవాళ్ళని అందుకోడానికి వెంట వచ్చే చిన్న పడవ, లేదు. జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి వస్తే అది మీది కాదు, ఇంకోటి అడగండి, అడగడానికి మొహమాటపడకండి.

మర్నాడు మళ్ళీ వెళ్దామంటే తమ్ముడు ముందే చేతులెత్తేశాడు, "అక్కా నువ్వే చూడు" అని. నేను రిషికేశ్ పక్కనే ఉన్న తపోవన్ రోడ్డు మీద నాలుగు షాపులు తిరిగి అడిగిందల్లా ఇదే: ఈరోజు నీళ్ళెలా ఉన్నాయి, బోటుకి ఎంతమందిని ఎక్కిస్తారు, పక్కన కయాక్ వస్తుందా, మధ్యలో ఎవరైనా దిగిపోతానంటే ఎక్కడ దింపుతారు. ముగ్గురు "అంతా సేఫ్ మేడమ్" అన్నారు. నాలుగో ఆయన "మీలో వయసెంత వాళ్ళున్నారు, ఎవరికైనా గుండె, నడుము ఇబ్బందులున్నాయా" అని ఎదురు అడిగాడు. అక్కడే తీసుకున్నా. 14 ఏళ్ళు నిండని పిల్లల్ని ఎక్కించం అని కూడా ఆయనే ముందు చెప్పాడు, మా బావ కూతురికి 12, అది అలిగింది, అలగనివ్వండి.

రెండు జట్లయ్యాం. తమ్ముడు, వాడి ఫ్రెండు, ఇంకో ఇద్దరు శివపురి నుంచి. వదిన, నేను, ఇంకొకరం బ్రహ్మపురి నుంచి. బావ తన కూతురితో పాటు ఒడ్డునే. మా దాంట్లో కూడా 'డబుల్ ట్రబుల్' లాంటివి ఉన్నాయి, కేకలు పెట్టాం, కానీ మధ్యలో నెమ్మదిగా పారే చోట్లు ఎక్కువ, వెనక్కి వాలి కొండలు చూసుకునేంత తీరిక. నీళ్ళలో పడితే ఏం చెయ్యాలో గైడ్ వదినని ఒడ్డునే పడుకోబెట్టి చేయించాడు: వెల్లకిలా, కాళ్ళు దిగువ వైపు, కాలివేళ్ళు పైకి. లోతు తక్కువ కదా అని నిలబడబోతే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, ఇక నీళ్ళు మీదికి తోసేస్తాయి. ఈ ఒక్క ముక్క ముందురోజు మాకు ఎవరూ చెప్పలేదు. చివర్లో వదిన తనంతట తనే తాడు పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

బస గురించి రెండు మాటలు. మొదటి రాత్రి శివపురి దగ్గర టెంట్లు, ఫోటోల్లో "రివర్ సైడ్", నిజానికి నది దాకా పది నిమిషాలు దిగాలి, తిరిగి బాగా ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళతో వద్దు. రాత్రి చలి ఒకటి, పక్క క్యాంపు పాటలు ఒకటి. రెండో రాత్రి తపోవన్‌లో మామూలు గది, వేడినీళ్ళు, తడిబట్టలు ఆరేసుకోవడానికి బాల్కనీ. రాఫ్టింగ్ చేసొచ్చినవాడికి అంతకు మించి ఏం కావాలి.

దగ్గర్లో చిన్నగా మొదలుపెట్టాలంటే మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలిక నది ఉంది, భిరా పవర్ హౌస్ నుంచి పొద్దున వదిలే నీళ్ళ మీద నడుస్తుంది కాబట్టి టైముకి వెళ్ళకపోతే నది ఉండదు, కానీ నీళ్ళు ఇంత చల్లగా ఉండవు. కూర్గ్‌లో బరపోళె నది మీద వానాకాలంలోనే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మా తమ్ముడు అప్పుడే ఫోన్‌లో లడఖ్‌లో జన్‌స్కార్ నది అంటున్నాడు. ఎక్కేది ఏ ఊళ్ళోరా అని వదిన అడిగింది. "చిల్లింగ్" అన్నాడు. వదిన ఫోన్ పెట్టేసింది.