ఎడమామే, అనప గింజలు, పచ్చి బఠాణీ: డిప్‌కి ఏది మేలు?

ఎడమామే, అంటే లేత సోయా గింజలతో డిప్ ఎలా చేయాలని అడిగేవాళ్లకంటే, ఆ ప్యాకెట్‌కి అంత డబ్బు పెట్టాలా, పచ్చి బఠాణీతో కానిచ్చేస్తే తేడా తెలుస్తుందా అని అడిగేవాళ్లే ఎక్కువ. సంక్రాంతి దగ్గరపడి ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతు బజార్లలో అనపకాయలు కుప్పలు పోసే రోజుల్లో ఇంకో ప్రశ్న తోడవుతుంది: అవీ పచ్చ గింజలే కదా, వాటితో ఎందుకు చేయకూడదని. చేయొచ్చు. మూడింటితోనూ మంచి డిప్ వస్తుంది. కాకపోతే ఒకదాని కొలతలు ఇంకోదానికి పనికిరావు. చాలామంది దెబ్బతినేది అక్కడే.

రంగు, ధర, ప్రొటీన్ అన్నీ చూడాల్సినవే. నా మటుకు తేల్చేది మాత్రం గింజ మీది పొట్టు.

ఎందుకంటే మన ఇళ్లలో డిప్ తయారయ్యేది మిక్సీ చట్నీ జార్‌లో. అందులో గట్టి ముద్ద తిరగదు. బ్లేడు చుట్టూ గుంత పడుతుంది, మిగతాదంతా జార్ గోడలకు అతుక్కుంటుంది. పొట్టుంటే ఇంకా మొరాయిస్తుంది. తిరగట్లేదని రెండు చెంచాల నీళ్లు పోస్తాం, ఇంకా తిరగలేదని మరో రెండు. అప్పటికీ పొట్టు నలగదు, తడిసిన కాగితం ముక్కల్లా నాలుకకు తగులుతూనే ఉంటుంది. ఈలోపు డిప్ కాస్తా ఇడ్లీ చట్నీ అంత జారుగా అయిపోతుంది. పలచబడింది, పిప్పిగా ఉంది, చప్పగా ఉంది అని వినిపించే మూడు ఫిర్యాదులకూ మూలం ఇదే. పొట్టు తీసిన గింజకు పోసే నీళ్లు సగానికి తగ్గుతాయి. అందుకే ఏ గింజ పొట్టు ఎంత తేలిగ్గా వస్తుందో ముందు చూడాలి.

ఎడమామే పొట్టు సన్నగా, అద్దంలా ఉంటుంది. ఉడికాక వదులవుతుంది. ఒలిచిన గింజల ప్యాకెట్టే కొనండి, కాయలతో ఉన్నది కొంటే బరువులో దాదాపు సగం తొక్కలకే పోతుంది. 250 గ్రాముల గింజలకు లీటరున్నర నీళ్లు మరగబెట్టి, టీస్పూను ఉప్పు వేసి, ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే వేసేయండి. తాగే నీళ్లే వాడండి. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, గింజ మెత్తబడడానికి చాలా సేపు పడుతుంది. ప్యాకెట్ మీద రాసిన ఐదు నిమిషాలు ఉప్పు చల్లుకుని కొరుక్కుతినడానికి సరిపోతాయి, డిప్‌కి చాలవు. మళ్లీ మరుగు వచ్చిన దగ్గర్నుంచి 8 నుంచి 10 నిమిషాలు ఉడకనివ్వండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే నడిమి పలుకు లేకుండా నలగాలి. పలుకు తగిలితే ఇంకో రెండు నిమిషాలు. పలుకుండగా తీసేసినదాన్ని ఎంత సేపు తిప్పినా రవ్వరవ్వగానే ఉంటుంది.

మూత పెట్టొద్దు. ఉడికేటప్పుడు గింజలోంచి వచ్చే ఆమ్లాలు ఆవిరితో పోవాలి. అవి నీళ్లలోనే నిలిచిపోతే పచ్చదనం బూడిద పచ్చలోకి దిగుతుంది. తినే సోడా వేస్తే రంగు ఆగుతుంది, గింజా త్వరగా మెత్తబడుతుంది. కానీ చిటికెడు దాటితే సబ్బు రుచి వస్తుంది, ఆ రుచిని నిమ్మరసం కూడా కప్పలేదు. ఎడమామేకి సోడా అవసరమే లేదు.

దించిన వెంటనే ఐస్ వేసిన నీళ్లలోకి మార్చండి. చల్లారాక అదే నీళ్లలో రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా రుద్దితే పొట్టు విడిపోయి పైకి తేలుతుంది. మినప్పప్పు కడిగినట్టే పై నీళ్లతోపాటు ఒంపేయండి. రెండు మూడు నీళ్లకు ముప్పాతిక వంతు పోతుంది. మిగిలిన గింజల్ని ఒక కొన దగ్గర నొక్కితే పప్పు జారి బయటికి వస్తుంది. 250 గ్రాములకు పావుగంట పని. చివరి గింజ దాకా తీయక్కర్లేదు, పదో వంతు మిగిలినా నాలుకకు తెలియదు. తర్వాత పొడిబట్ట మీద పది నిమిషాలు పరవండి. ఈ తడి ఆరబెట్టడం వదిలేస్తే డిప్ గిన్నెలో కాసేపటికే అంచుల చుట్టూ నీరు ఊరుతుంది.

అనప గింజల సంగతి వేరు. పొట్టు మందం, పచ్చిగా ఉన్నప్పుడు గట్టిగా పట్టుకుని ఉంటుంది. కానీ దీనికి మందు మనవాళ్ల దగ్గరే ఉంది. రాయలసీమలో పితికిన పప్పు చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు: ఒలిచిన గింజల్ని రాత్రి నీళ్లలో నానబోసి, పొద్దున్నే ఒక్కోదాన్నీ పితికితే పప్పు తుళ్లి బయటపడుతుంది, పొట్టు వేళ్లలో మిగులుతుంది. ఇలా పితికిన పప్పులో పొట్టు అనేదే ఉండదు. అందుకే మూడింటిలోకీ అతి నునుపైన డిప్ దీనిదే. పితికిన పప్పు 6 నుంచి 8 నిమిషాల్లో ఉడికిపోతుంది, కాబట్టి కుక్కర్ జోలికి వెళ్లొద్దు. ఒక్క విజిల్‌కే ముద్దయి, రంగు పోయి, పిండి అంతా నీళ్లలో కలుస్తుంది. ముదిరి ఎండిన గింజలు ఈ పనికి వద్దు. కూరకు వాడినా వాటిని ఉడికించిన నీళ్లు పారబోయాల్సిందే.

కాయలు ఎంచుకునేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి. వేళ్లకు జిడ్డు అంటి, ఆ జిడ్డుకు ఘాటైన వాసన ఉన్న కాయ తాజాది. ఆ వాసనే డిప్‌లో రుచిగా మారుతుంది. ఎడమామేకి ఇంత రుచి లేదు. తియ్యగా, కమ్మగా ఉంటుంది గానీ తనంతట తాను నిలబడదు, వెల్లుల్లి, నువ్వులు ఆదుకోవాలి. అనపకాయ దొరికే రెండు మూడు నెలలూ నేను దానివైపే మొగ్గుతాను. చిక్కల్లా ఒలవడం దగ్గరే. కిలో కాయలకు గింజలు సగం కూడా రావు, ఆపైన పితకాలి. ఇంటికి పదిమంది వచ్చే రోజున పెట్టుకునే పని కాదు.

పచ్చి బఠాణీ చవక, ఏడాది పొడుగునా ఫ్రీజర్లో ఉంటుంది. ఎడమామే కిలో లెక్కన దీనికి రెండింతలకు పైనే. కానీ బఠాణీ పొట్టు గింజ మెత్తబడినా మెత్తబడదు, ఒక్కొక్కటీ తీయాలంటే ఓపిక చాలదు. ఉడికించి రుబ్బి జల్లెడలో గరిటెతో వత్తి దించడమే దారి. అలా దించితే నాలుగో వంతు దాకా పిప్పిగా పోతుంది. ఇంకో ఇబ్బంది తీపి. ఎడమామే కొలతల్లోనే చేస్తే బఠాణీ డిప్ తియ్యగా, పిల్లల గుజ్జులా అనిపిస్తుంది. నిమ్మరసం ఒకటిన్నర రెట్లు చేసి, రెండు పచ్చిమిర్చి, గుప్పెడు పుదీనా, నీళ్లకు బదులు బట్టలో కట్టి వడగట్టిన పెరుగు మూడు చెంచాలు వేస్తే తీపి అణుగుతుంది. అప్పుడది మంచి పదార్థమే. ఎడమామే డిప్ అని మాత్రం అనలేం.

రెండో రోజున అసలు తేడా బయటపడుతుంది. బఠాణీలోనూ అనపలోనూ పిండి పదార్థం ఎక్కువ. ఫ్రిజ్‌లో చల్లబడ్డాక ఆ పిండి బిగుసుకుని, నిన్న జారిన డిప్ ఇవాళ చెంచాకు ముద్దగా లేస్తుంది. ఎడమామేలో పిండి తక్కువ, ప్రొటీన్, నూనె ఎక్కువ. ఉడికించిన ఎడమామే వంద గ్రాముల్లో ప్రొటీన్ 11-12 గ్రాములుంటే బఠాణీలో 5 గ్రాములే. అందుకే ఎడమామే డిప్ రెండో రోజూ దాదాపు అలాగే ఉంటుంది. ముందురోజు చేసి పెట్టుకోవాలంటే దాన్నే ఎంచుకోండి. అనప డిప్ అయితే కావలసినదానికంటే కాస్త పలచగా రుబ్బి పెట్టుకోవాలి. రుబ్బడంలోనూ ఇదే తేడా: పిండి ఉన్న అనప, బఠాణీలను గోరువెచ్చగా ఉండగా తిప్పితే నునుపొస్తుంది, ఎడమామేని చల్లగా తిప్పినా వస్తుంది, రంగూ దక్కుతుంది.

కొలతలు చెప్తాను. 250 గ్రాముల ఎడమామేకి పొట్టు తీసిన తెల్ల నువ్వులు 4 టేబుల్ స్పూన్లు, పెద్ద నిమ్మకాయ ఒకటి, వెల్లుల్లి పెద్ద రెబ్బ ఒకటి, వేయించిన జీలకర్ర పొడి అర టీస్పూను, ఉప్పు అర టీస్పూనుతో మొదలు, ఐస్ నీళ్లు 3-4 టేబుల్ స్పూన్లు, నూనె 2 టేబుల్ స్పూన్లు. అనపకైతే నీళ్లు 5-6 టేబుల్ స్పూన్లు, ఒక పచ్చిమిర్చి అదనం. నువ్వుల్ని సన్నసెగ మీద చిటపట మొదలవ్వగానే దించాలి. ఎర్రబడేదాకా ఆగితే డిప్ చేదెక్కి, మట్టిరంగుకు తిరుగుతుంది. నల్లమచ్చల పొట్టు నువ్వులూ చేదే. వెల్లుల్లిని ముందుగా నిమ్మరసంలోనే తురిమి పది నిమిషాలు వదిలితే ఘాటు తగ్గుతుంది, మర్నాటికి పెరగదు.

మిక్సీలో నువ్వులు ఒక్కటే ముందు పొడి చేసి, ఒక చెంచా నూనెతో ముద్ద చేయండి. వెల్లుల్లి నిమ్మరసం, ఉప్పు, రెండు చెంచాల ఐస్ నీళ్లు పోసి తెల్లగా నురగలా అయ్యేదాకా తిప్పండి. ఆ తర్వాతే గింజలు, రెండు విడతలుగా. అడుగున జారే పదార్థం ఉంటే గింజలు వాటంతట అవే బ్లేడు కిందికి దిగుతాయి. నిమిషానికోసారి ఆపి గోడలు గీరండి. జార్ అడుగు వేడెక్కితే ఒక ఐస్ ముక్క వేయండి. ఆలివ్ నూనె వాడేవాళ్లు మిక్సీలో వేయొద్దు, ఎక్స్‌ట్రా వర్జిన్ రకం బ్లేడు వేగానికి చేదెక్కుతుంది. లోపల వేరుశనగ నూనె వేసి, ఆలివ్ నూనె పైన పోసుకోండి. గానుగ నువ్వుల నూనె పోస్తే ఇంకా బాగుంటుంది.

పచ్చి శనగలతోనూ చేస్తారు. పొట్టు మొండిది, పిండి ఎక్కువ, డిప్ బరువుగా వస్తుంది, వేయించి తినడమే దానికి తగిన మర్యాద. ఎండు సోయా గింజలు నానబెట్టి ఎడమామేకి బదులు వాడొచ్చా అంటే, వద్దు. పచ్చివాసన పోదు. సోయా పడనివాళ్లకు ఎడమామే కూడా పడదు, అది లేత సోయాయే. వాళ్లకు అనప.

స్ప్రెడ్ దగ్గరకొచ్చేసరికి లెక్క కొంత మారుతుంది. శాండ్‌విచ్‌కి, జొన్నరొట్టెకి పూసుకునేది బరకగా ఉన్నా బాగుంటుంది, కాబట్టి పొట్టు అంతగా బాధించదు. ఎడమామేని మరో మూడు నిమిషాలు ఎక్కువ ఉడికించి, నీళ్లు అసలు పోయకుండా పప్పుగుత్తితో మెదిపి, నువ్వుల ముద్ద, నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలిపితే చాలు, మిక్సీ అక్కర్లేదు. మంచి జొన్నరొట్టె మీద ఇది వెన్న కంటే బాగా నిలుస్తుంది. నునుపు డిప్‌కైతే ఖుబూస్ (అరబ్బుల రొట్టె), కీరా ముక్కలు, వేడి సర్వపిండి తోడు. సర్వపిండికి అనప డిప్పే సరిజోడు.

ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచొచ్చు. పైన పలచగా నూనె పోసి గాలి తగలకుండా మూత పెట్టండి, లేకపోతే పై పొర నల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బల్ల మీద గంటకు మించి వదలొద్దు. ఫ్రీజర్‌లో నెల రోజులు ఎడమామే డిప్ ఒక్కటే తట్టుకుంటుంది. అలా దాచేది నిమ్మరసం లేకుండా చేసి పెట్టి, కరిగాక తేలిన నీళ్లతో సహా గరిటెతో గిలకొట్టి, అప్పుడు పిండుకుంటే రంగు ఆలస్యంగా దిగుతుంది.