లేజర్ ప్రొజెక్టర్‌తో నాలుగేళ్లు: ఒక ఆపరేటర్ సమీక్ష

మా సినిమా హాల్లో జీనాన్ గ్యాసు ల్యాంపుతో నడిచే ప్రొజెక్టర్ తీసేసి ఆర్‌జీబీ లేజర్, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లతో బొమ్మ వేసే మెషీన్ పెట్టి నాలుగేళ్లు దాటింది. గోదావరి జిల్లాలో ఓ మాదిరి ఊరు, సింగిల్ స్క్రీన్, యాభై అడుగులకి కాస్త తక్కువ తెర, రోజుకి నాలుగు ఆటలు. మెషీన్ పెట్టిన మొదటి వారంలో వచ్చే రివ్యూలు అన్నీ ఒకేలా ఉంటాయి: బొమ్మ అదిరిపోయింది, రంగులకి కళ్లు చెదిరాయి అని. అబద్ధం కాదు గానీ, కొత్త ల్యాంపు వేసిన వారం జీనాన్ బొమ్మ కూడా అదిరిపోయేది. తేడా తెలియాలంటే మూడో నెలలో వచ్చి చూడాలి.

మా పాత మెషీన్‌లో 4 కిలోవాట్ల ల్యాంపు ఉండేది. ఆ సైజు ల్యాంపుకి కంపెనీ హామీ వెయ్యి గంటల చుట్టుపక్కల ఉంటుంది. మన సినిమాల నిడివికి నాలుగు ఆటలంటే రోజుకి పది, పన్నెండు గంటలు. అంటే మూడు నెలలకో ల్యాంపు. ఆఖరి రోజులకొచ్చేసరికి వెలుగు సగానికి దగ్గరగా పడిపోతుంది. డిజిటల్ సినిమా ప్రమాణాల ప్రకారం తెర మధ్యలో 14 ఫుట్ లాంబర్ట్‌ల (తెర వెలుగుని కొలిచే లెక్క) వెలుగు పడాలి. హామీ గంటలు అయిపోయాక కూడా "ఇంకో వారం లాగించవయ్యా" అనే ఓనర్లున్న చోట ఆ లెక్క ఎవరు చూస్తారు? రాత్రి ఫైట్లలో ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియక జనం కెమెరామన్‌ని తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు. పాపం, ఆయన తప్పేం లేదు.

లేజర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, వెలుగు అలా దిగజారకపోవడం. మొదట్లో మెషీన్ పూర్తి శక్తితో నడవదు. లేజర్ వెలుగు పుట్టించే డయోడ్లు పాతబడేకొద్దీ తనే కరెంటు కొంచెం కొంచెం పెంచుకుంటూ తెర మీద వెలుగు మారకుండా చూసుకుంటుంది. మీటర్ పెట్టి చూస్తే సంక్రాంతికి ఎంతుందో దసరాకీ దాదాపు అంతే. కంపెనీలు 30,000 గంటల దాకా చెబుతాయి. మా వాడకానికి అది ఏడేళ్ల మాట, నేను ఇంకా సగం దారి దాటానంతే. అందుకని ఆ అంకె మీద తీర్పు చెప్పను, ఇప్పటిదాకా నడిచిన తీరు మీదే చెబుతున్నా.

రెండోది ల్యాంపు మార్చే టెన్షన్ పోవడం. జీనాన్ ల్యాంపు చల్లగా ఉన్నప్పుడు కూడా లోపల గ్యాసు ఒత్తిడి ఎక్కువ. మొహానికి షీల్డు, చేతులకి గ్లౌజులు, మందపాటి జాకెట్ లేకుండా ముట్టుకోకూడదు. గాజు మీద వేలిముద్ర పడినా వెలిగాక అక్కడ వేడి పోగై పగిలే ప్రమాదం ఉంది. మెషీన్‌లోనే పేలితే రిఫ్లెక్టర్ కూడా పోతుంది. ఈ పని రాని కుర్రాళ్లకి ఇప్పుడు క్యాబిన్ అప్పజెప్పి భోజనానికి వెళ్లగలుగుతున్నా.

కరెంటు పోయినప్పుడు కూడా సుఖమే, కానీ పూర్తిగా కాదు. వేడిగా ఉన్న జీనాన్ ల్యాంపు ఒక్కోసారి మొండికేసేది, లేజర్ సెకన్లలో వెలుగుతుంది. అయితే సినిమా ఫైలు నడిపే సర్వర్ మళ్లీ లేవడానికి నిమిషాలు పడుతుంది, ఈలోపు కింద ఈలలు. ప్రొజెక్టర్‌కి లక్షలు పోసి సర్వర్ యూపీఎస్ దగ్గర పిసినారితనం చేసిన హాళ్లు నాకు తెలుసు.

ఇక బొమ్మ సంగతి. ఎరుపు మీద తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కుంకుమ, మందారం, పట్టుచీర అంచు, ఇవన్నీ జీనాన్‌లో కాస్త ఇటుక రంగు వైపు జారేవి, ఇప్పుడు జారవు. బొమ్మలో చుక్కలు ఎక్కువుండే 4కే మాత్రం మీరు అనుకున్నంత కాదు. మాకు వచ్చే సినిమాల్లో చాలా వరకు 2కేలోనే ఉంటున్నాయి, అంటే అడ్డంగా 2048 చుక్కలే. బాల్కనీలో కూర్చున్నవాళ్లకి తేడా తెలియదు. ముందు వరసలవాళ్లకి అక్షరాల అంచులు నున్నగా కనిపిస్తాయి, అంతే. నలుపు విషయంలో కూడా ఆశ పెట్టుకోవద్దు. లోపల బొమ్మని తయారుచేసేవి అవే మూడు డీఎల్‌పీ చిప్పులు, అవే చిన్న చిన్న అద్దాలు. ఎంత లేజరైనా నల్లటి రాత్రి బూడిద రంగులోనే పడుతుంది.

అసలు తలనొప్పి తెరతో వచ్చింది. త్రీడీ ఊపు ఉన్న రోజుల్లో మా ఓనరు గారు వెండి తెర వేయించారు, పోలరైజ్డ్ కళ్లద్దాలతో త్రీడీ చూపించాలంటే అది తప్పదు. దాని మీద ఆర్‌జీబీ లేజర్ పడితే తెల్లటి చోట్ల ఇసుక చల్లినట్టు సన్నగా మెరుస్తుంది. స్పెకిల్ అంటారు. ఆకాశం, తెల్ల పంచె, టైటిల్ కార్డు, ఎక్కడ తెలుపు పరుచుకుంటే అక్కడ తేలుతుంది. పైగా వెండి తెరకి మధ్యలో వెలుగు, పక్కల చీకటి అనే జబ్బు ముందునుంచీ ఉంది. చివరికి మామూలు తెల్ల తెర వేయించాక గానీ బొమ్మ కుదరలేదు. త్రీడీ వదులుకున్నాం. ఏడాదికి ఒకటో రెండో వచ్చే సినిమాల కోసం మిగతా రోజులన్నీ పాడుచేసుకోవడం దండగ. లేజర్ కోసం డబ్బు పక్కన పెట్టేవాళ్లు తెర ఖర్చు కూడా అందులోనే లెక్కేసుకోవాలి, అమ్మేవాళ్లు ఆ మాట ముందు చెప్పరు.

ఇంకో విచిత్రం. రంగులు సరిచేసే రోజున వచ్చిన ఇంజినీరుకి తెలుపు కొంచెం గులాబీగా కనిపిస్తోంది, నాకు శుభ్రంగా తెల్లగా ఉంది. మీటరేమో సరిగ్గానే ఉందంటోంది. ఆర్‌జీబీ లేజర్‌లో ఒక్కో రంగు చాలా సన్నటి తరంగదైర్ఘ్యంలో వస్తుంది కాబట్టి మనిషికీ మనిషికీ కంట్లో ఉండే చిన్న తేడాలు బయటపడతాయట. మీటర్ చెప్పిందే ఖాయం చేశాం. ప్రేక్షకుల్లో ఎవరూ దీని గురించి ఒక్క మాట అనలేదు, మూలనున్న స్పీకర్ గురించి మాత్రం అంటూనే ఉన్నారు.

సర్వీసు విషయానికొస్తే నాకు కోపం ఉంది. రీళ్ల కాలంలో ఆపరేటర్ అంటే మెకానిక్ కూడా. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము, 2000 అడుగుల రీలు ఇరవై నిమిషాలు దాటి ఆడితే రెండో మెషీన్‌కి మార్చాలి. తెర మూలన చుక్క కనపడగానే చెయ్యి తనంతట తనే వెళ్లేది. ఫిల్ము తెగితే అతికించేవాళ్లం, బెల్టు జారితే ఎక్కించేవాళ్లం, వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరిపేవాళ్లం. జీనాన్ డిజిటల్‌లో కూడా ల్యాంపు మన చేతిలో పనే. లేజర్‌లో లైటు విభాగం మొత్తం సీలు వేసిన పెట్టె. మాకు ఒక పండగ సీజన్‌లో ఆ పెట్టెలోని లేజర్ మాడ్యూళ్లలో (లేజర్ల గుంపుల్లో) ఒకటి పోయింది. ఆట ఆగలేదు, వెలుగు కొంచెం తగ్గింది, మిగతావి మోసుకొచ్చాయి. అది మెచ్చుకోవాల్సిందే, జీనాన్ అయితే తెర నల్లబడేది. కానీ కొత్త మాడ్యూల్ వచ్చేసరికి వారాలు గడిచాయి. ఫోన్ చేస్తే "లాగ్ ఫైలు పంపండి సార్" అనే మాటే.

అంతకంటే పెద్ద గొడవ మీడియా బ్లాక్ కార్డుతో, అంటే సినిమా ఫైలు తాళం తీసి ప్రొజెక్టర్‌కి పంపే కార్డుతో జరిగింది. సినిమా తెరుచుకోవడానికి వచ్చే కీ (డిజిటల్ తాళంచెవి) ఆ ఒక్క కార్డుకి, ఫలానా తేదీలకి మాత్రమే పనిచేస్తుంది. కార్డు మారిస్తే పాత కీలన్నీ చెల్లవు, కొత్త నంబరుతో మళ్లీ తెప్పించుకోవాలి. మాది శుక్రవారం పొద్దున మారింది. మార్నింగ్ షో జనం గేటు దగ్గర, కీ ఏమో మెయిల్లో రాదు. బాబాయ్, ఏం చెప్పమంటావ్ అని గేటు కుర్రాడు పైకీ కిందకీ తిరిగాడు. ఇది లేజర్ తప్పు కాదు, డిజిటల్ మొత్తానికీ ఉన్నదే. కానీ కొత్త మెషీన్ వస్తే ఇవన్నీ పోతాయనుకునేవాళ్లకి చెబుతున్నా. సినిమా వేసినందుకు డిజిటల్ కంపెనీలు తీసుకునే సర్వీసు ఛార్జీల గొడవ కూడా అలాగే. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు సినిమాలు ఆపేసింది ఆ ఛార్జీల మీదే, లైటు మారితే ఆ బిల్లు మారదు.

కరెంటు ఆదా నిజమే. అంత వెలుగుకి ఇదివరకటిలో దాదాపు సగం ఖర్చవుతోంది, వేడి గాలి బయటికి తోసే ఫ్యాన్ల మోత కూడా తగ్గింది. అయితే క్యాబిన్‌లో ఏసీ ఆగకూడదు. వేసవిలో మా ఏసీ ఒకసారి మొరాయిస్తే మెషీన్ వేడికి తనే వెలుగు తగ్గించుకుంది. డెల్టా ఉక్కపోతలో ఏసీ రెండుండాలి, ఒకటి నడుస్తూ, ఒకటి విశ్రాంతిలో.

చిన్న హాళ్లకి, అంటే ముప్పై, ముప్పై అయిదు అడుగుల తెర ఉన్నవాళ్లకి, నేను ఆర్‌జీబీ చెప్పను. లేజర్ ఫాస్ఫర్ చాలు. అందులో నీలం లేజర్లు ఫాస్ఫర్ చక్రాన్ని తాకితే పసుపు వెలుగు పుడుతుంది, ఎరుపు, ఆకుపచ్చ దాన్నుంచే తీస్తారు. ఎరుపు కాస్త తేలిక, కానీ స్పెకిల్ బెడద చాలా తక్కువ, ధర కూడా తక్కువ. పాత జీనాన్ బాడీ గట్టిగా ఉంటే దానికే లేజర్ లైటు అమర్చే కిట్లూ ఉన్నాయి, ముందు ఆ ధర కనుక్కోండి.

కొనేటప్పుడు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి. చెప్పిన గంటలు పూర్తయ్యేసరికి వెలుగు ఎంత మిగులుతుంది, 80 శాతమా, సగమా? మాడ్యూల్ పోతే స్పేర్ ఎక్కడినుంచి వస్తుంది, ఎన్ని రోజుల్లో? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సరుకు ఉందంటే, వెళ్లి గోదాంలో కళ్లతో చూసి రండి.