ఆరేళ్లు వాడిన జాంగో చీట్ షీట్: వెనక వైపు ఒక గడి మీద నా కక్ష

జాంగో అంటే పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే సరంజామా. దాని గురించి ఇక్కడ ఇంతకు మించి చెప్పబోవడం లేదు. నేను చెప్పేది దాని చీట్ షీట్, అంటే చప్పున చూసుకునే గుర్తుల కాగితం గురించి. రెండు పేజీల పీడీఎఫ్. 2019లో 2.2 వెర్షన్‌తో పని మొదలుపెట్టినప్పుడు దించుకుని, ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో జిరాక్సు షాపులో రెండు వైపులా కలర్ ప్రింటు తీయించి లామినేషన్ చేయించాను. టీ మరకలు పడ్డాయి, ఒక మూల విరిగింది, ఇంకా టేబుల్ మీదే ఉంది. ఎవరు తయారు చేశారో చెప్పను. వాళ్లతో నాకు గొడవ లేదు, వెనక వైపు ఒక్క గడితోనే.

ముందు వైపు మాత్రం బంగారం. కరెంటు పోతే మా వీధిలో నెట్ కూడా పోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటుంది. అప్పుడు డేటా వెతికే ఫిల్టర్లో రెండు అండర్‌స్కోర్ల వెనక ఏ పదం పెట్టాలో చెప్పే దిక్కు ఆ కాగితమే. అందులో కుడివైపు కింద తేదీల పట్టిక ఉంది. అది నా పరువు కాపాడింది. హోల్‌సేల్ కిరాణా దుకాణానికి బిల్లింగ్ చేసి ఇచ్చాను. బిల్లు మీద టైం కోసం టెంప్లేట్‌లో, అంటే పేజీ నమూనాలో, గంటలకి పెద్ద 'హెచ్', నిమిషాలకి చిన్న 'ఎం' రాశాను. జులై అంతా నడిచింది. ఆగస్టు మొదటి వారంలో సావుకారు గారు ఫోన్ చేసి, "ఏటమ్మా, పోయిన నెలంతా ప్రతి బిల్లూ ఏడు నిమిషాలకే అయింది, ఈ నెల ఎనిమిదికి ఎల్లింది?" అని అడిగారు. చిన్న 'ఎం' అంటే నెల! పైథాన్‌లో నిమిషాలకి పెద్ద 'ఎం' కదా అని అది పెట్టి చూస్తే నిమిషాల చోట 'ఆగ్' అని వచ్చింది. పట్టిక చూస్తే, నిమిషాలకి 'ఐ'. జాంగో టెంప్లేట్లు ఈ అక్షరాల విషయంలో పీహెచ్‌పీ అనే ఇంకో భాష దారిలో నడుస్తాయట. ఎవరు ఊహిస్తారు?

ఇక వెనక వైపు. అక్కడ మోడల్స్ (డేటా పట్టికల నిర్వచనాలు) గడిలో ఫారిన్ కీకి, అంటే ఒక పట్టికని ఇంకోదానికి కట్టే ముడికి, ఒకే ఒక్క ఉదాహరణ ఉంది. దాని చివర ఆన్ డిలీట్ కాస్కేడ్, అంటే పైది తీసేస్తే దానికి కట్టినవన్నీ పోతాయి. అంతే. తీయనివ్వకుండా ఆపే ప్రొటెక్ట్ అనేది ఉందని గానీ, ముడిని మాత్రం ఖాళీ చేసే సెట్ నల్ అనేది ఉందని గానీ ఒక్క ముక్క లేదు. కారణం ఊహించగలను. 2.0కి ముందు ఆన్ డిలీట్ రాయకపోయినా నడిచేది, రాయకపోతే కాస్కేడే. 2.0 నుంచి రాసి తీరాలి. పాత ఉదాహరణ చివర ఆ మాట తగిలించి ఊరుకున్నట్టున్నారు. అదే గడిలో కింద రెండు లైన్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మా సరిహద్దు సంగతి చెప్తేగానీ మిగతాది అర్థం కాదు. సావుకారు గారి సరుకు కాశీనగర్ వెళ్తే అది ఒడిశా లోపలే, పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు ముక్కలు. ఆటోలో పోయి వచ్చేంత దూరంలో పాతపట్నం, అది ఆంధ్ర, రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఐజీఎస్టీ. జీఎస్టీలో రాష్ట్రం కోడ్లు కూడా వేరు, ఇక్కడ 21, అక్కడ 37. అందుకని నేను 'లైన్' (సరుకు వెళ్లే రూటు) అనే మోడల్ పెట్టి రాష్ట్రం కోడ్ దానికే కట్టేశాను. లైన్ కింద దుకాణాలు, దుకాణం కింద బిల్లులు, బిల్లు కింద జమలు. అన్నిటికీ కాగితం చూసి అదే కాస్కేడ్.

2021 ఫిబ్రవరిలో పాతపట్నం లైన్‌కి వెళ్లే కుర్రాడు మానేశాడు. సావుకారు గారు లైన్ పేరు మార్చాలనుకుని, దాన్ని తీసేసి కొత్తది రాద్దామనుకున్నారు. నేనే పెట్టిన 'తీసేయి' బటన్ నొక్కారు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది: "అమ్మా, లైన్ తీసేస్తే దుకాణాలు ఎలాగ ఎల్లిపోనాయి? బాకీలు కనిపిస్తలేవు." 41 దుకాణాలు, ఏడాదిన్నర బిల్లులు. 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల జీఎస్టీ రిటర్ను, వెళ్లాలి, అది ఎనిమిదో తేదీ.

పెన్‌డ్రైవ్‌లో నాలుగు రోజుల కిందటి డేటాబేస్ ఫైలు ఉంది. దాన్నే పెట్టేసి, తర్వాతి బిల్లులన్నీ కార్బన్ కాపీలు చూసి ఎక్కించాం. ఇప్పుడైతే పోయినవి మాత్రమే పాత ఫైలు నుంచి తెచ్చి కలుపుతాను, అప్పటికి అంత ధైర్యం లేదు. రాత్రి రెండింటి వరకు సావుకారు గారు చదవడం, నేను కొట్టడం. మధ్యలో వాళ్లావిడ ఉప్మా పెట్టారు. జమలు మాత్రం మానేసిన కుర్రాడి జేబు పుస్తకంలో ఉన్నాయి. వాడు టెక్కలి వెళ్లిపోయాడు, ఫోన్లో ఒక్కొక్కటీ చదివించుకున్నాం. రెండు జమలు ఇప్పటికీ తేలలేదు. సావుకారు గారు ఆ మాట ఎత్తరు, అదే నాకు మరీ కష్టం.

తప్పంతా కాగితానిదేనని అనలేను. జాంగోతో పాటే వచ్చే అడ్మిన్ పేజీల్లో తీసేసి ఉంటే దానితోపాటు ఏమేం పోతాయో పేర్లతో సహా చూపించి, ఖాయమేనా అని అడిగేది. ఆయనకి తెలుగులో తేలికగా ఉండాలని నేను సొంత పేజీ చేశాను. డిలీట్ చేశాక ఏ మోడల్లో ఎన్ని పోయాయో కూడా జాంగో లెక్క అప్పజెప్తుంది. నేను ఆ లెక్క పారేసి, '1 లైన్ తీసేయబడింది' అని పచ్చరంగులో చూపించాను. తర్వాత ఇంట్లో కాపీ మీద అదే డిలీట్ కొట్టి, ఆ లెక్కలో వేలల్లో అంకె చూసినప్పుడు కడుపులో తిప్పింది.

వారంలోపల అన్నీ ప్రొటెక్ట్‌కి మార్చాను. మైగ్రేషన్ (డేటాబేస్ మార్పుల) ఫైలు తయారవుతుంది గానీ డేటాబేస్‌లో ఏమీ కదలదు, ఆపేది జాంగోనే. ఆ పనికీ ఒక మెలిక ఉంది. ఎర్రర్‌ని పట్టుకోకపోతే మనిషికి కనిపించేది సర్వర్ ఎర్రర్ పేజీ. సావుకారు గారు అది చూసి మళ్లీ టెన్షన్ పడ్డారు. ఇప్పుడు 'ఈ లైన్‌లో 41 దుకాణాలు ఉన్నాయి, తీయడం కుదరదు' అని వస్తుంది, పక్కన 'వాడకం ఆపు' అని టిక్కు పెట్టుకునే గడి ఉంది. మొదట్లోనే చేయాల్సింది అదే.

ముందు వైపు బంగారం అన్నాను కదా, అందులోనూ కొంత వన్నె తగ్గింది. లాగౌట్‌ని మామూలు లింకుగా చూపించారు. 5.0 నుంచి అది ఒప్పుకోదు, ఫారం పెట్టి పోస్ట్ చేయాలి. పోయినేడాది వెర్షన్ మార్చినప్పుడు అరపూట దానికే పోయింది. తేదీల పట్టిక మాత్రం ఇప్పటికీ అక్షరం పొల్లు పోలేదు.

కొనుక్కోమనే మాట ఎలాగూ లేదు, ఉచితమే. నాలా ఒక్కరే కూర్చుని, నెట్ నమ్మలేని ఊళ్లో, చిన్న దుకాణాలకి పనిచేసేవాళ్లకి పనికొస్తుంది. పక్కన అడగడానికి సీనియర్ ఉన్న ఆఫీసులో ఎందుకో నాకు తెలియదు, నేను అలాంటి చోట పనిచేయలేదు. వెనక వైపు ఆ ఖాళీలో మార్కర్‌తో ప్రొటెక్ట్ అని రాసుకున్నాను. లామినేషన్ మీద నిలవదు, మూడు నెలలకోసారి మళ్లీ రాస్తాను.

ఈమధ్య నా దగ్గర నేర్చుకోవడానికి వస్తున్న పిల్ల, "అక్కా, దీన్ని జిరాక్సు తీసుకోనా?" అంది. నేనే వెళ్లి తీయించి ఇచ్చాను. ముందు వైపు మాత్రమే.