చచ్చిన పక్షులు కనిపిస్తే రిపోర్టు దాకా ఆగాలా, ముందే కదలాలా: ఏది మేలు?

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పటి నుంచి చాలామంది అడుగుతున్నది ఇదే. చెరువు గట్టున నాలుగు కొంగలు చచ్చిపడి ఉంటే ఈ రోగాన్ని నిర్ధారించే భోపాల్ ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగాలా, ముందే ఏదైనా చెయ్యాలా?

ఆగమనేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. రోగం పేరు తేలకముందే పుకారు లేస్తే కోడి ధర, గుడ్డు ధర పడిపోయి రైతు మునుగుతాడు. కోళ్ళను చంపడం, చుట్టూ కిలోమీటరు మేర ఇన్ఫెక్టెడ్ జోన్‌గా (రోగం సోకిన ప్రాంతంగా) ప్రకటించడం లాంటివి రిపోర్టు మీదే జరగాలి.

మిగతా వాటికి మాత్రం నేను ముందే కదలమంటాను. పొరపాటు పడితే దిద్దుకోగలమా లేదా అన్నదే నా లెక్కలో అసలు సంగతి. బాతులు పైకి ఏ లక్షణం లేకుండానే వైరస్‌ని మొయ్యగలవు. బాతుల మందను ఆ చెరువు వైపు రాకుండా కొన్నాళ్ళు వేరే పొలాల్లో తిప్పారనుకోండి, రిపోర్టు నెగెటివ్ వస్తే మళ్ళీ తోలుకురావచ్చు. ఈలోపు ఆ కళేబరాన్ని కోరింగ మడ అడవిలో నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) తింటే? 2024 డిసెంబరులో నాగపూర్ గోరేవాడ రెస్క్యూ సెంటర్లో మూడు పులులు, ఒక చిరుత బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 సోకి చనిపోయాయి. నీటిపిల్లిదీ అదే పిల్లి కుటుంబం. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరి మొదటి వరద హెచ్చరిక రాగానే లంకల్లో పశువుల్ని గట్టెక్కిస్తారు గానీ, 17.75 అడుగుల మూడో హెచ్చరిక దాకా కూర్చోరు కదా. తిరిగి సరిదిద్దలేని నష్టం ముంచుకొచ్చే చోట, శాస్త్రీయంగా పూర్తిగా రుజువు కాలేదని చర్యలు వాయిదా వెయ్యకూడదని సుప్రీంకోర్టు కూడా 1996లో వెల్లూరు తోళ్ళ శుద్ధి కేసులో చెప్పింది.

2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో వేల పక్షులు చచ్చిపోతే ముందు బర్డ్ ఫ్లూ అని భయపడ్డారు. తేలింది బొట్యులిజం, అంటే ఒక బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే పక్షవాతం లాంటి రోగం. కళేబరం కుళ్ళి పురుగు పడుతుంది, విషం ఆ పురుగుల్లో పేరుకుంటుంది. పురుగుకి ఏమీ కాదు. దాన్ని తిన్న పక్షి రెక్కలు చచ్చుబడి, మెడ వాలిపోయి చస్తుంది. దానికీ పురుగు పడుతుంది. అంటే రిపోర్టులో ఏ పేరొచ్చినా కళేబరాలు తియ్యడం వృథా పోదు. ఒట్టి చేత్తో ముట్టుకోకండి. పశువుల ఆసుపత్రికీ ఫారెస్టు వాళ్ళకీ ఫోన్ చేసి, శాంపిళ్ళు తీసుకున్నాక సున్నం చల్లి లోతుగా పూడ్పించాలి. కాలవలో మాత్రం పడెయ్యకూడదు, కింది ఊళ్ళ తాగునీటి చెరువులు నిండేది దాంతోనే.

కొంగలు గూళ్ళు కట్టిన చెట్లు నరికెయ్యమనేవాళ్ళూ ఉన్నారు. అది వద్దే వద్దు, చెదిరిన పక్షులు రోగాన్ని పది ఊళ్ళకి మోసుకెళ్తాయి. కోళ్ళకి టీకా అంటారా, అది ఊరి చేతిలో పని కాదు.

ఒక్క ఇబ్బంది ఉంది. ముందు జాగ్రత్త ఖర్చంతా బాతులవాళ్ళ నెత్తినే పడుతుంది. మేత పోయిన ఆ రోజులకి ఊరు ఉమ్మడిగా తవుడో నూకలో ఇవ్వగలిగితే, మందను దూరంగా ఉంచమని వాళ్ళని అడగడానికి మనకీ మొహం చెల్లుతుంది.