హన్మకొండలో కాలేజీలు చూసొచ్చాం: ఫీజు, పేరు, హాస్టల్

మంచిర్యాల నుంచి వరంగల్ పోవాలంటే మాకు రైలే సుఖం. భాగ్యనగర్ ఎక్కితే పెద్దపల్లి, జమ్మికుంట దాటి కాజీపేటలో దిగొచ్చు. మా అమ్మాయి జేఈఈ మెయిన్ ర్యాంకుతో వరంగల్ ఎన్ఐటీలో, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో, సీటు వస్తుందో రాదో చెప్పలేని పరిస్థితి. రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకేమో పదివేలు దాటింది. ఫోన్లో చూస్తే ప్రతి కాలేజీ డ్రోన్ వీడియోలో పచ్చగానే ఉంటుంది. అందుకే కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టేలోపు నేరుగా చూసి రావాలని ఇద్దరం బయల్దేరాం.

ముందు బస గురించి. అడ్మిషన్ల సీజన్లో హన్మకొండలో గదులు తొందరగా నిండిపోతాయి. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో ఫోన్లో ఒక రేటు చెప్పి, తీరా వెళ్లాక ఇంకోటి అడిగారు. బాత్రూం తలుపుకు గడియ కూడా లేదు. ఆడపిల్లతో అక్కడ ఉండలేక, నక్కలగుట్టలో టూరిజం వాళ్ల హరిత కాకతీయకు మారాం. డబ్బు కొంచెం ఎక్కువైనా గది శుభ్రంగా ఉంది. కాజీపేట రోడ్డు మీదే కాబట్టి ఎన్ఐటీకి ఆటోలో తేలిగ్గా వెళ్లిపోవచ్చు.

ఎన్ఐటీని చూడటానికి ఎక్కువ టైం పెట్టుకోండి. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ ఇది. దేశంలో పెట్టిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీల్లో (ఆర్ఈసీ) మొదటిది, 2002లో ఎన్ఐటీ అయింది. గేటు దగ్గర వివరాలు రాయించుకుని లోపలికి పంపారు. పెద్ద చెట్లు, పాత బ్లాకులు, చెట్ల కింద వరుసగా సైకిళ్లు. భవనాల్లో కొత్త మెరుపేమీ లేదు. ఇంటర్న్‌షిప్ పని మీద సెలవుల్లోనూ ఉండిపోయిన ఒక సీనియర్ అమ్మాయి కనిపిస్తే మెస్ ఎలా ఉంటుందని అడిగాను. "తిండి ఇంటి లెక్క ఉండదు అంకుల్. కానీ ఏ సబ్జెక్టు అర్థం కాకపోయినా పక్క రూముల చెప్పేటోళ్లు ఉంటరు" అంది. నేను ఆ మాటకే ఎక్కువ విలువిచ్చాను. కాలేజీ పేరంటే కంపెనీలు రావడం, జీతాల ప్యాకేజీలు అనుకుంటాం. కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న పిల్లల మధ్య నాలుగేళ్లు ఉండటం కూడా ఆ పేరులో భాగమే.

డబ్బు దగ్గరికి వస్తే, చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటుంది. ఎన్ఐటీలో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,25,000. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దివ్యాంగులకు, కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్నవాళ్లకు అది పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల లోపు ఆదాయం ఉంటే మూడింట రెండు వంతులు తగ్గిస్తారు, అంటే ఏడాదికి 42 వేల లోపే కట్టాలి. హాస్టల్, మెస్ వేరే. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క ఇలా ఉండదు. బీసీ, ఈబీసీ పిల్లలకు ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది, దాటితే సాధారణంగా 35,000 వరకే. అది కూడా పల్లెల్లో ఆదాయం లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. నాది చిన్న ఎలక్ట్రికల్ షాపు, ఏటా ఆదాయం నాలుగు లక్షలకు అటూఇటూ. అంటే ప్రైవేటు కాలేజీలో చేరిస్తే రాష్ట్రం నుంచి మాకు రూపాయి రాదు, ఎన్ఐటీలో మాత్రం ఫీజులో ఎక్కువ భాగం తగ్గుతుంది. పేరున్న చోటే మాకు చవక పడుతోంది! ఈ లెక్క చూడకుండానే "అంత పెద్ద కాలేజీ మనకెందుకు" అని వెనక్కి తగ్గేవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. అది చూస్తే బాధేస్తుంది. పైగా ఎన్ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే కేటాయిస్తారు.

మర్నాడు కరీంనగర్ రోడ్డు పట్టుకున్నాం. కేయూ క్రాస్ రోడ్డు దాటాక ప్రైవేటు కాలేజీలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 1980లో పెట్టిన కిట్స్ అటే, 2020లో యూనివర్సిటీ అయిన ఎస్ఆర్ కూడా అటే. పేరు చెప్పను కానీ, మేం వెళ్లిన ఒక కాలేజీలో ఏసీ సెమినార్ హాలు, స్టార్టప్ గది, గోడ నిండా ప్లేస్‌మెంట్ ఫొటోలు చూపించారు. హాస్టల్ చూస్తామంటే మాత్రం ఏవో సాకులు చెప్పి దాటేశారు. మొత్తం ఖర్చు రాసిమ్మంటే ట్యూషన్ ఫీజు ఒక్కటే రాశారు. పరీక్ష ఫీజు, బస్సు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అడిగితే తప్ప చెప్పలేదు. మేనేజ్‌మెంట్ కోటా సీటు గురించి మాత్రం అడగకముందే మొదలుపెట్టారు. ర్యాంకుతో వచ్చిన పేరును వదులుకోకూడదు గానీ, పేరు కోసమే లక్షలు పోసి సీటు కొనడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆ డబ్బు చేతిలో ఉంటే రేపు ఎంటెక్‌కో కోచింగ్‌కో పనికొస్తుంది.

సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద కాసేపు కూర్చున్నాం. వేయి స్తంభాల గుడి హడావుడిగానే చూశాం.

తిరిగొచ్చేటప్పుడు కరీంనగర్ మీదుగా కొండగట్టు దగ్గరి నాచుపల్లి వెళ్లాం. జగిత్యాల జేఎన్టీయూ కాలేజీ అక్కడే. ప్రభుత్వ కాలేజీ, ఫీజు ప్రైవేటు కన్నా తేలిక, డిగ్రీ మీద జేఎన్టీయూ పేరు. చుట్టూ గుట్టలు, ప్రశాంతంగా ఉంది. నాకు నచ్చింది. అమ్మాయి మాత్రం, "సాయంత్రం క్లాసులయ్యాక ఇక్కడ ఏముంటది నాన్నా?" అని అడిగింది. సరైన ప్రశ్నే. క్లబ్బులు, ఫెస్టులు, ఊళ్లోకి వెళ్లిరావడం పిల్లలకు చదువంత అవసరం. ఎన్ఐటీలో టెక్నోజియాన్, స్ప్రింగ్ స్ప్రీ అనే ఫెస్టులు జరిపేది పిల్లలే, ఆ పని నేర్పేది చాలా ఉంటుంది. అయినా డబ్బుకు ఇబ్బంది పడే ఇంటికి నాచుపల్లి మంచి దారి అని గట్టిగా చెప్తాను.

ఎన్ఐటీలో వచ్చే అవకాశం ఉన్న బ్రాంచీలన్నీ, సివిల్, మెటలర్జీతో సహా, ముందు పెట్టింది అమ్మాయి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు నాచుపల్లిలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) మొదటిది, ఆ తర్వాత హాస్టల్ తలుపు తీసి చూపించిన ప్రైవేటు కాలేజీ ఒక్కటే. ఎన్ఐటీ ఫీజు తగ్గింపుకు ఆదాయ ధ్రువపత్రం కావాలి. మీసేవలో దరఖాస్తు పెట్టాక తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి టైం పడుతుంది కాబట్టి, సీటు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే పెట్టేయండి.