ఇటలీలో 9 రోజులు, సీలియాక్ ఉన్న పాపతో: ఎక్కడ నమ్మాం, ఎక్కడ నమ్మలేకపోయాం

మా పాపకి పదేళ్ళు, సీలియాక్ అని తెలిసి రెండేళ్ళయింది, అంటే గోధుమ, బార్లీ లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. పాస్తాలు, పిజ్జాలు తినే దేశానికి ఈ పిల్లని ఎలా తీసుకెళ్తావే అని అమ్మ ఒకటే గోల. నిజానికి ఈ జబ్బు సంగతి ఇటలీ వాళ్ళకి బాగా తెలుసు, 2005లోనే సీలియాక్ వాళ్ళ కోసం విడిగా చట్టం చేసుకున్నారు, మందుల షాపుల్లో కూడా గ్లూటెన్ లేని పాస్తా, బిస్కెట్లు దొరుకుతాయి. ఆ ధైర్యంతోనే బయల్దేరాం.

విమానంలోనే మొదటి దెబ్బ. గ్లూటెన్ ఫ్రీ మీల్ ముందే బుక్ చేశాం, కన్ఫర్మ్ అయిందని మెయిల్ కూడా వచ్చింది, తీరా ట్రే వచ్చాక చూస్తే సీల్ వేసిన డబ్బా మీద లేబుల్ సరిగ్గానే ఉంది గానీ పక్కనే మామూలు గోధుమ బన్ను పెట్టేశారు. పాప చెయ్యి దాని మీదకే వెళ్ళింది, అదృష్టం కొద్దీ నేను చూశాను. అప్పట్నుంచి డబ్బా ఒక్కటే కాదు, ట్రేలో ఉన్న ప్రతిదీ తిప్పి చూడటం అలవాటైపోయింది.

రోమ్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, మూడు బసల్లో నాకు బాగా నచ్చింది ఇదే. కాకపోతే వంటగది ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. అక్కడున్న చిల్లుల గిన్నెని వెలుతుర్లో పెట్టి చూస్తే చిల్లుల్లో ఎవరో వార్చిన పాస్తా ఎండిపోయి అంటుకుని ఉంది. చెక్క గరిటె, టోస్టర్ కూడా ముట్టుకోలేదు, ఎంత వేడి చేసినా గ్లూటెన్ పోదు కదా. ఒక చిన్న గిన్నె, జల్లెడ, గరిటె కలిపి 17 యూరోలు పెట్టి కొనుక్కున్నాం, ఆ డబ్బు గురించి ఒక్కసారి కూడా బాధపడలేదు.

సూపర్ మార్కెట్లో పని తేలిక. యూరప్ రూల్ ప్రకారం "సెన్జా గ్లూటినే" (గ్లూటెన్ లేనిది) అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. అంటే 100 గ్రాములు తిన్నా మహా అయితే 2 మిల్లీగ్రాములు, రోజుకి 10 లోపు ఉంటే చాలామంది సీలియాక్ వాళ్ళకి పేగు దెబ్బతినదని డాక్టర్లు చెప్తారు. మామూలు బ్రెడ్ ఒక్క స్లైస్‌లోనే 2 గ్రాములు, అంటే 2000 మిల్లీగ్రాముల పైన ఉంటుంది, అందుకే చిన్న తునక పడినా మాకు భయం. ఒక బ్రెడ్ ప్యాకెట్ మీద మాత్రం సెన్జా గ్లూటినే అని రాసి, కింద పదార్థాల్లో లావు అక్షరాలతో గోధుమ పేరు కనిపించేసరికి గుండె ఆగినంత పనైంది. తర్వాత చదివితే అది గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్, ఆ 20 లోపే ఉంటుంది కాబట్టి సీలియాక్‌కి పర్లేదు, గోధుమ ఎలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం తినకూడదు. కార్న్‌ఫ్లేక్స్ సంగతి దీనికి పూర్తిగా రివర్సు, పేరులో మొక్కజొన్న ఒక్కటే ఉంటుంది, లోపల చూస్తే "ఓర్జో" అంటే బార్లీ మాల్ట్. గోధుమ కంకిని అడ్డంగా కొట్టేసిన గుర్తు ఉంటే చాలు, తీసుకునేవాళ్ళం.

అసలు కష్టం రెస్టారెంట్లలోనే. ఆ 20 రూల్ వడ్డించే తిండికి కూడా వర్తిస్తుంది, కాదనను, కానీ మన ముందుకొచ్చిన ప్లేటుని ఎవరు టెస్ట్ చేస్తారు? ఫ్లోరెన్స్‌లో ఒక చోట మెనూలో పాస్తా పక్కనే గ్లూటెన్ ఫ్రీ అని రాసుంది, వెయిటర్ కూడా "నో ప్రాబ్లం" అని నవ్వాడు, ఆకలి మీదున్నాం, మేమూ ఇంకేం అడగలేదు. బాత్రూంకి వెళ్తూ వంటగది తలుపు సందులోంచి చూశాను, పెద్ద బాయిలర్‌లో నాలుగు జల్లెడ బుట్టలు, మామూలు పాస్తా, పాపది పక్కపక్కనే అదే తెల్లటి చిక్కటి నీళ్ళలో ఉడుకుతున్నాయి. పరిగెత్తుకొచ్చేసరికి పాప సగం తినేసింది. రాత్రి రెండింటి నుంచి తెల్లారేదాకా వాంతులు, మర్నాడు ఊరు చూడ్డం లేదు ఏం లేదు. అడగకపోవడం నా తప్పే, ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

అక్కడి హోటల్ బ్రేక్‌ఫాస్ట్ కూడా అంతే, గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్‌ని మామూలు బ్రెడ్ పక్కనే తెరిచి పెట్టి, రెండింటికీ ఒకటే పటకారు. రిసెప్షన్‌లో చెప్తే మాత్రం రెండో రోజు నుంచి సీల్ తియ్యని ప్యాకెట్లు రూమ్‌కే పంపారు, ఆ అమ్మాయికి ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే.

బొలోన్యాలో అక్కడి సీలియాక్ అసోసియేషన్ నెట్‌వర్క్‌లో ఉన్న రెస్టారెంట్‌కి వెళ్ళాం. మేం నోరు తెరవకముందే చెఫ్ బయటికొచ్చి వేరే గిన్నె, వేరే నీళ్ళు, వేరే గరిటె, నూనె కూడా వేరే, 40 నిమిషాలు పడుతుంది ఓపిక పట్టండి అన్నాడు. నాకు ఆ 40 నిమిషాలే భరోసా. ప్లేటు తేడా తెలియడానికి చిన్న జెండా కూడా గుచ్చారు. ఇంకా రోమ్‌లో పూర్తిగా గ్లూటెన్ లేని పిజ్జా షాపు ఒకటి దొరికింది, అక్కడ గోధుమ పిండి గడప దాటి లోపలికి రాదు. మామూలు పిజ్జా షాపుల్లో గ్లూటెన్ ఫ్రీ బేస్ వాడినా గాల్లో లేచే పిండి అన్నిటి మీదా పడుతుంది, అందుకే అలాంటి వాటికి అసలు వెళ్ళనే లేదు.

కాఫీ బార్లలో బార్లీ కాఫీ కూడా చేస్తారు, అందుకే పాప పాలు వేడి చేయించేటప్పుడు ఆ ఆవిరి గొట్టాన్ని అంతకుముందు వేటిలో ముంచారో అడిగేవాళ్ళం. జెలాటో అయితే కోన్ వద్దు, కప్పు. స్కూప్ కడిగి, కొత్త డబ్బా తెరిచి పెట్టమంటే రోమ్‌లో ఒక పెద్దాయన ఏమాత్రం విసుక్కోకుండా లోపలికెళ్ళి పిస్తా డబ్బా సీల్ మా ముందే తీశాడు. పాప రెండు కప్పులు తింది, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.